కొట్టుకుపోయిన మట్టి ఎవరి ఖాతాలో?

పోడు కొట్టడం వల్ల కొండల మీద మట్టి కొట్టుకుపోతుంది. ఈ ఒక్క వాక్యం తరాలుగా మా వెంట వస్తోంది. మా తండ్రుల కాలంలో ఫారెస్టు గార్డుల నోట విన్నాం. మేము చదువుకునే రోజుల్లో ‘మృత్తికా క్రమక్షయానికి కారణాలు తెలపండి’ అనే ప్రశ్నకు జవాబుగా రాసి మార్కులు తెచ్చుకున్నాం. ఉపాధ్యాయ శిక్షణలో అదే పాఠానికి చార్టు గీశాం. ఇప్పుడు మా బడుల్లో మా పిల్లలకు అదే చెప్పాలి. ఆ పిల్లల ఇళ్లలో అంబలి చాలావరకు ఆ పోడులోంచే వస్తుంది.

పాఠం వరకే అయితే ఊరుకునేవాళ్లం. అటవీహక్కుల దరఖాస్తులు పరిశీలించడానికి వచ్చిన ఒక అధికారి కొండకేసి చూసి, ఇంత వాలులో పట్టా ఇస్తే రేపు కొండే మిగలదంటూ కాగితాలు పక్కన పెట్టేయడం మా ఊళ్లవాళ్లు చూశారు. 2006 అటవీహక్కుల చట్టంలో వాలు ఇంత దాటితే హక్కు లేదని ఎక్కడా రాయలేదు. 2005 డిసెంబరు 13 నాటికి ఆ భూమి మా చేతిలో ఉందా, దాని మీద బతుకుతున్నామా అన్నదే చట్టం అడుగుతుంది. కానీ వాన, వాలు, మట్టి అన్న మూడు మాటలు కలిస్తే మా దగ్గర అవి చట్టం కన్నా గట్టిగా పనిచేస్తాయి. అందుకే ఈ మూడింటి చరిత్ర మనం కూడా రాసుకోవాలి.

ముందు వాన సంగతి చూద్దాం.

మట్టిని మోసుకుపోయేది పారే నీరు, నిజమే. కానీ మట్టిని మొదట విడగొట్టేది చినుకు. పెద్ద చినుకు అడ్డుకొలత ఐదారు మిల్లీమీటర్లే గాని, నేలను తాకేటప్పుడు దాని వేగం సెకనుకు 9 మీటర్ల దాకా ఉంటుంది. బోడినేల మీద ఆ దెబ్బకు మట్టిగడ్డ పగిలి రేణువులు ఎగురుతాయి. చదును నేలలో ఎగిరిన మట్టి నాలుగు వైపులా పడుతుంది, లెక్క సరిపోతుంది. వాలులో అలా కాదు. ఎగిరిన ప్రతిసారీ పైకి కొంచెం, కిందికి ఎక్కువ. నీళ్లు పారడం మొదలుకాక ముందే మట్టి దిగడం మొదలవుతుంది. పగిలిన మట్టిలోని సన్నని ఒండు నేలలోని సందులను పూడ్చేస్తుంది. పైన పలచటి పెంకు కడుతుంది. ఇక నీరు ఇంకదు, పారడమే. మొదట పొరలాగా, తర్వాత వేలెడు కాలువలుగా, ఆ పైన మనిషి దిగి నిలబడేంత గండిగా. వాలు నిటారుగా ఉంటే నీటికి వేగం, వాలు పొడుగ్గా ఉంటే కిందికి వచ్చేసరికి నీరు ఎక్కువ.

పుస్తకం అక్కర్లేదు, బోడిగా ఉన్న మెట్టలో గట్టివాన వెలిశాక వంగి చూడండి. చిన్న చిన్న గులకరాళ్లు మట్టి కాళ్ల మీద నిలబడి కనిపిస్తాయి. రాయి కింద ఉన్న మట్టి మిగిలింది, చుట్టూ ఉన్నది పోయింది. ఆ మట్టి కాలి ఎత్తెంతో, ఆ నేల అంత దిగిందన్నమాట. ఎకరంలో ఒక్క మిల్లీమీటరు దిగినా నాలుగు ఘనపు మీటర్ల మట్టి, అంటే ఐదు టన్నులు. కంటికి ఆనదు. పోయేది పైపొర కాబట్టి, ఆకు కుళ్లి ఏర్పడిన సారమంతా అందులోనే పోతుంది.

ఈ చినుకు సంగతి శాస్త్రానికి తెలిసి ఎంతో కాలం కాలేదు. జర్మనీలో వోల్నీ అనే ఆయన 19వ శతాబ్దం చివర్లో చిన్న మడులు పెట్టి, వాలునూ మొక్కల కప్పునూ మార్చి మార్చి కొలిచాడు. అమెరికాలో ఎలిసన్ 1940లలో చినుకు దెబ్బను విడిగా పరిశీలించాడు. 1965లో విష్‌మెయర్, స్మిత్ అనే ఇద్దరు ఆ దేశంలోని వేల మడి-సంవత్సరాల కొలతలు కూడగట్టి ఒక సూత్రం ఇచ్చారు. వాన బలం, మట్టి గుణం, వాలు పొడవు, వాలు నిటారు, నేల మీది కప్పు, సాగు చేసే తీరు, ఈ ఆరూ గుణిస్తే ఎంత మట్టి పోతుందో అంచనా వస్తుంది. ఆరింటిలో వాన మన చేతిలో లేదు, కొండ నిటారు మన చేతిలో లేదు. కప్పు, సాగు తీరు మన చేతిలో ఉన్నాయి. గట్టు కట్టి వాలు పొడవును ముక్కలు చేసుకోవచ్చు. ఆఫ్రికాలో, ఇప్పటి జింబాబ్వేలో, హడ్సన్ అనే ఆయన పక్కపక్కన రెండు బోడి మడులు పెట్టి, ఒకదాని పైన దోమతెర లాంటి సన్నని వలను కట్టాడు. వాన రెండింటి మీదా ఒక్కటే. వల చినుకును చిల్లుపొడిగా మార్చి దింపింది, అంతే. వల లేని మడిలో పోయిన మట్టి నూరు రెట్లకు పైగా ఉంది. నేలను కాపాడింది వేరు కాదు, గట్టు కాదు, చినుకు దెబ్బను ఆపిన ఒక్క తెర.

ఈ మాట గుర్తుపెట్టుకుని పాత పోడు దగ్గరికి వద్దాం.

మా పెద్దలు పోడు కొట్టిన తీరు, ఈనాడు పోడు అని పిలుస్తున్నది ఒకటి కావు. చలి తగ్గాక చెట్టు కొట్టేవాళ్లు. మొదలంటా కాదు, మోడు వదిలి. ఎండకు ఎండనిచ్చి, వేసవి చివర్లో కాల్చేవాళ్లు. కాలని దుంగలను వాలుకు అడ్డంగా దొర్లించి పడేసేవాళ్లు, వాటి వెనక మట్టి ఆగేది. నాగలి లేదు. గోదావరి ఇరుకుల్లో కొండరెడ్లు మొనదేలిన కర్రతో నేలను గుచ్చి గింజ వేయడం గురించి హైమన్‌డార్ఫ్ తన పుస్తకంలో రాశాడు. అది 1945లో అచ్చయింది. గుచ్చిన చోట మాత్రమే మట్టి కదులుతుంది, మిగతా నేల వేళ్ల పట్టులోనే ఉంటుంది. దున్నిన వాలుకూ గుచ్చిన వాలుకూ ఉన్న తేడా వానకు బాగా తెలుసు.

ఇంకొకటి, పంటల కలయిక. సామ, చోడి, కొర్ర, జొన్న, కంది, చిక్కుళ్లు, గుమ్మడి, అన్నీ ఒకే చోట. గుమ్మడి తీగ నేల మీద పాకుతుంది. సామ తొందరగా లేచి తొందరగా చేతికొస్తుంది. జొన్న పైకి పోతుంది. కంది అన్నిటికన్నా ఆలస్యం, సంక్రాంతి దగ్గరపడే దాకా నిలబడే ఉంటుంది. మా వైపు వాన రెండు విడతలు: జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి, ఆ తర్వాత అక్టోబరు, నవంబరుల్లో తుపాను వానలు. సామ కోసేశాక నేల బోడిపడే సమయానికి కంది గొడుగు పట్టుకుని ఉంటుంది. ఇది తిండి కోసం వేసిన కలయికే, మట్టి కోసం అని మా పెద్దలు ప్రత్యేకంగా చెప్పినట్టు మేము వినలేదు. కానీ ఒక పంట పోయినా ఇంకొకటి దక్కాలని వేసినదే నేలకూ కాపలా అయింది.

అలాగని పోడులో మట్టి పోదని మేము అనము. కాల్చిన తర్వాత, మొలక లేచే లోపు, ఆ మూడు నాలుగు వారాలు నేల నల్లగా, బోడిగా ఉంటుంది. ఆ సమయంలో కుండపోత పడితే బూడిదతో సహా పైపొర కిందికి దిగుతుంది. రెండో ఏడు పంట తగ్గేది అందుకు కూడా. పాత లెక్క దీన్ని ఒప్పుకునే నడిచింది. రెండు మూడేళ్లు పంట తీసి, పదేళ్లు పన్నెండేళ్లు వదిలేసేవాళ్లు. మోళ్లు చిగిర్చి, ఆకు రాలి, పోయిన పొర మళ్లీ కట్టుకునేది. అప్పు చేసి తీర్చినట్టు. తీర్చే గడువును కత్తిరించింది ఎవరన్నదే అసలు చరిత్ర.

మద్రాసు ప్రెసిడెన్సీలో అడవులకు మొదటి కన్సర్వేటర్‌గా 1856లో వచ్చినవాడు క్లెగ్‌హార్న్ అనే స్కాట్లండు వైద్యుడు. కొండల్లో చెట్లు కొట్టి కాల్చే సాగును, పడమటి కనుమల్లో కుమ్రి అనేదాన్ని, ఆపాలని ఆయన గట్టిగా వాదించాడు. చెట్లు పోతే వానలు తగ్గుతాయి, మట్టి దిగి నదులు పూడతాయి అన్న ఆలోచన అప్పటి డాక్టర్లలో, ఇంజనీర్లలో బాగా తిరుగుతోంది. ఆ భయం ఉత్తిదని అనలేం. కానీ అదే సంవత్సరాల్లో మద్రాసు రైల్వే పట్టాలు పరుచుకుంటోంది, ప్రతి మైలుకూ స్లీపరు దుంగలు కావాలి. ఆ నరుకుడు క్లెగ్‌హార్న్‌కూ కనిపించింది, రాశాడు కూడా. అయినా నిషేధం పడింది మాత్రం గొడ్డలి పట్టిన కొండవాడి మీద. కలప కావలసింది సర్కారుకే కాబట్టి కాంట్రాక్టరుకు లైసెన్సు దొరికింది.

1879లో రంప లేచింది. కల్లుగీతకు చిగురుపన్ను, ముఠాదారుల దోపిడీ, పోలీసుల జులుం, పోడు మీద ఆంక్షలు, అన్నీ కలిసి లేచింది. అది అణిగిన రెండేళ్లకే, 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. కొండ చుట్టూ రాళ్లు పాతి రిజర్వు అన్నారు. రిజర్వు లోపల మిగిలింది ఎక్కువగా, పదేళ్లుగా వదిలేసిన పాత పోడు నేలలే. దూరం నుంచి చూస్తే అది అడవి. మా లెక్కలో అది బీడు పెట్టిన పొలం. వచ్చే ఏడో, ఆ పై ఏడో మళ్లీ కొట్టుకోవాల్సినది. ఒక్క గీతతో మా వంతుల చక్రంలో సగం ముక్కలు సర్కారువైపు పోయాయి. మిగిలిన ముక్కల్లోనే తిరగాలి కాబట్టి పన్నెండేళ్ల గడువు ఎనిమిదయింది, ఎనిమిది ఐదయింది, తర్వాత మూడు. ఇది మేము మా ముసలివాళ్ల దగ్గర ఊరూరా విన్న మాట, ఒక్కో ఊరిలో ఏళ్ల లెక్క కొంచెం అటూఇటూ. 1927 భారత అటవీ చట్టం పోడును హక్కుగా కాక, సర్కారు తలచుకుంటే ఆపేయగల సౌకర్యంగా రాసింది. మద్రాసుకు చట్టం వేరు, మనసు ఒక్కటే.

1922లో గూడెం కొండల్లో అల్లూరి సీతారామరాజు వెంట మా తాతలు నడిచింది కూడా ఈ రిజర్వుల వల్ల, రోడ్డు పని వెట్టి వల్ల. నర్సీపట్నం నుంచి లంబసింగికి పోయే దారికి కూలి సరిగా ఇవ్వకుండా బాస్టియన్ అనే డిప్యూటీ తహసీల్దారు చేయించిన చాకిరీ చరిత్ర పుస్తకాల్లో ఉంది. రోడ్డు సంగతి ఇక్కడ ఎత్తింది వేరే కారణానికి. కొండవాలును అడ్డంగా కోసి రోడ్డు వేస్తే పైన నిటారు గోడ మిగులుతుంది, కింద తవ్విన మట్టిపోగు వదులుగా జారుతుంది. వాలంతా పరుచుకుని దిగే నీరు రోడ్డు కాలువలో ఒక్కటై, కల్వర్టు మూతి దగ్గర ఒక్క ధారగా బయటపడుతుంది. ఆ మూతి కింద ఎప్పుడూ గండే. 1960లలో కొత్తవలస నుంచి కిరండూల్‌కు ఇనుపరాయి రైలుమార్గం వేసినప్పుడు 58 సొరంగాలు తవ్వారు, కొండల పక్కలు తెగ్గోశారు. నేటికీ పెద్దవానకు ఆ లైను మీద కొండచరియలు పడి రైళ్లు ఆగుతాయి. ఏ పాఠంలోనూ మట్టి కొట్టుకుపోవడానికి కారణాల్లో రైలు ఉండదు.

ఇక పల్లం. కొండల మధ్య లోయల్లో మంచి నేల ఉండేది. మైదానం నుంచి వచ్చిన వర్తకులు అప్పుల కింద దాన్ని రాయించుకుంటున్నారని తెలిసే 1917లో ఏజెన్సీ భూబదలాయింపు చట్టం తెచ్చారు, తర్వాత 1959లో, 1970లో రెగ్యులేషన్లు. ఒకసారి పనికి రాలేదు కాబట్టే మళ్లీ మళ్లీ తేవాల్సి వచ్చింది. ఆ పైన ఆనకట్టలు. మాచ్‌ఖండ్ నది మీద జోలాపుట్టు దగ్గర కట్టి 1955లో కరెంటు తీశారు. తర్వాత సీలేరు మీద ఒకటొకటిగా, బలిమెల, డొంకరాయి. పల్లం నీళ్ల కిందికి పోతే మనిషి ఎటు పోతాడు? పైకి. ఇంకా నిటారు వాలుకు.

ఆనకట్టలు వచ్చాకే మా మట్టికి కూడా విలువ వచ్చిందంటే నవ్వొస్తుంది. పొలంలో ఉన్నన్నాళ్లు ఎవరికీ పట్టని మట్టి, జలాశయంలో చేరుతుంటే దేశానికి నష్టం అయింది. మూడో పంచవర్ష ప్రణాళిక కాలంలో నదీలోయ పథకాల పరీవాహకాల్లో భూసంరక్షణ అని కేంద్రం పథకం పెట్టింది. అదే దశాబ్దంలో అటవీశాఖ మా కొండల్లో కాఫీ తోటలు పెంచింది. పోడు మాన్పించాలి, మట్టిని కాపాడాలి అన్న మాటలు కాఫీ వెంటే వచ్చాయి.

కాఫీ విషయంలో మాలో రెండు అభిప్రాయాలు ఉన్నాయి, రెండూ చెప్పాలి. కాఫీ వల్ల పాడేరు, చింతపల్లి, అరకు వైపు చాలా ఇళ్లలోకి డబ్బు వచ్చింది, 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. కాఫీ తోట నేల మీద ఆకు మందంగా పడి ఉన్నంతవరకు మట్టి కదలదు, అదీ నిజమే. కానీ చెట్టు ఉంటే చాలు మట్టి నిలుస్తుందనుకోవడం పొరపాటు. ఎత్తయిన సిల్వర్ ఓక్ కొమ్మ నుంచి జారిన చుక్క పది మీటర్లు పడేసరికి మళ్లీ దాదాపు పూర్తి వేగం అందుకుంటుంది. టేకాకు అయితే ఇంకా పెద్ద చుక్కలు కూర్చి దింపుతుంది. కింద పొదలు కొట్టేసి, రాలినాకు కాల్చేసిన టేకు తోటలో గండ్లు పడడం మేమూ చూశాం, శాస్త్రవేత్తలూ రాశారు. చినుకును ఆపాల్సింది నేలకు దగ్గరగా ఉన్న కప్పు. పటంలో పచ్చరంగు వేస్తే వానకు తెలియదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నీడచెట్లు వేళ్లతో సహా కూలిపోయాయి. వేరు లేచిన చోటల్లా వదులు మట్టి గుంట, ఆ గుంట మీద తుపాను వాన.

మా వాళ్ల పనుల గురించి కూడా ఒక మాట. అల్లం, పసుపు సంతలో డబ్బు ఇస్తాయి. కానీ వాటికి నేలను లోతుగా తవ్వి బోదెలు తీయాలి. బోదెలు వాలు వెంట నిలువునా తీస్తే నీటికి కాలువ మనమే తవ్వి ఇచ్చినట్టు. అడ్డంగా తీయడానికి శ్రమ ఎక్కువ, నీరు నిలిచి దుంప కుళ్లుతుందన్న భయం ఉంది. అందుకే చాలామంది నిలువునే తీస్తున్నారు. రాజ్‌మా కోసం వానల మధ్య నేలను కలుపు లేకుండా శుభ్రం చేస్తున్నాం. సామ, కొర్ర, కంది కలిపి వేసే చేలు ఏటికేడు తగ్గుతున్నాయి. ఇప్పుడు వాన కూడా పాత వాన కాదు. నెల తేలిగ్గా వెళ్లి ఒక్క రాత్రి దంచుతోంది. ఎకరం మీద ఒక్క అంగుళం వాన అంటే లక్ష లీటర్ల నీళ్లు. అది నాలుగు రోజుల్లో పడితే ఇంకుతుంది, అరగంటలో పడితే పారుతుంది. ఏడాది మొత్తం లెక్క ఒకటే ఉండొచ్చు గాని, మట్టిని తీసుకుపోయేది ఆ అరగంటే.

మట్టి దిగుతుందని మా పెద్దలకు తెలియదా? తెలుసుననడానికి సాక్ష్యం మా గెడ్డల్లోనే ఉంది. గెడ్డ పక్కన మెట్లు మెట్లుగా దిగే వరిమళ్లు చూడండి. ఆ మళ్లలో మట్టి ఎక్కడిది? కొండమీద నుంచి దిగినదే. గెడ్డకు అడ్డంగా వరసగా రాళ్లు పేర్చి, వాన తెచ్చిన ఒండును ఏడాదికింత ఆపి, నిండిన కొద్దీ రాతికట్టు పెంచుకుంటూ పోయారు. పైన పోడు, నడుమ గరువు, కింద మడి. పైన పోయినది కింద దొరికేది. కొరాపుట్ వైపు ఇలాంటి సాగును 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రపంచ వారసత్వ వ్యవసాయంగా గుర్తించింది. ఆ కొండలూ మా కొండలూ ఒకే వరుస. ఆ వరుసలో ఎక్కువగా దొరికే రాయికి భూగర్భ శాస్త్రవేత్తలు పెట్టిన పేరు ఖొండలైట్, మా కోందుల పేరు మీద. రాయికి మా పేరు పెట్టారు, ఆ రాయి అరిగి అయిన మట్టి మీద మాత్రం పట్టా అడగాల్సి వస్తోంది.

2008లో వచ్చిన అటవీహక్కుల నియమాల్లో 13వ నియమం ఉంది. సాక్ష్యంగా ఏవేవి చూపవచ్చో అందులో రాశారు. ఇల్లు, గుడిసెతో పాటు భూమికి చేసిన శాశ్వతమైన మెరుగులు అని చెప్పి, నేల చదును చేయడం, గట్లు, చెక్‌డ్యాములు పేరుపెట్టి చెప్పారు. దరఖాస్తుదారు కాని ఊరి పెద్దల వాంగ్మూలం రాసి ఇవ్వడమూ సాక్ష్యమే. ఒకటి కన్నా ఎక్కువ సాక్ష్యాలు పరిశీలించాలి. కాబట్టి గ్రామసభలో దరఖాస్తు రాసేటప్పుడు రాతికట్టు ఉన్న ప్రతి పోడుకూ దాని పొడవు, ఎత్తు కొలిచి రాయండి. కట్టు మీద నాచు ఉంటే, రాళ్ల సందుల్లో చెట్టు మొలిచి ఉంటే ఆ చెట్టు లావు కొలవండి. కట్టు ఎవరి తాత ఎప్పుడు పేర్చాడో పక్క ఇంటి ముసలివాళ్లను అడిగి, వాళ్ల మాటల్లోనే రాసి వేలిముద్ర తీసుకోండి. పెద్దపిల్లలు టేపు పట్టుకుంటారు, పటం గీస్తారు. ఉపాధి హామీలో కట్టిన కట్టును పాత కట్టుతో కలపకండి, దాని మస్టరు నంబరు వేరుగా రాయండి. మా దగ్గర ఇప్పటికి మూడు ఊళ్లలో ఈ కొలతలు మొదలయ్యాయి. నాలుగో ఊరిలో వానలు తగ్గాక, కంది పూతకు రాకముందు.